తలుపు దగ్గరి మూడో జాగా

ఆర్మూర్‌లో పసుపు ఏరే షెడ్డులో నేను కూర్చోబట్టి ముప్పై ఒక్క సీజన్లయింది. మార్కెట్ యార్డు వెనక వీధిలో రేకుల కప్పు వేసిన పొడవాటి షెడ్డు అది. రైతులు ఉడకబెట్టి ఎండబెట్టి తెచ్చిన పసుపు ముందు డ్రమ్ములో పడి గిర్రున తిరుగుతుంది. పైపొట్టు రాలిపోయి నున్నగా అయ్యాక మా ముందు కుప్ప పోస్తారు. మేం పన్నెండు మంది ఆడవాళ్లం గోడ వెంబడి వరుసగా కూర్చుని, పొడుగు కొమ్ములు ఒక వైపు, గుండ్రటి గోళలు ఒక వైపు, విరిగిన చూర ఒక వైపు ఏరుతాం. సంచులు మోయడం మగవాళ్ల పని. వాళ్లు అటు, మేం ఇటు.

ఆ వరుసలో ఎవరి జాగా వాళ్లది. మొదటి జాగా తలుపు పక్కన. వెలుతురు, గాలి అక్కడే. అక్కడి నుంచి లోపలికి పోయిన కొద్దీ చీకటి, దుమ్ము. పన్నెండో జాగా డ్రమ్ముకు ఆనుకుని ఉంటుంది. అక్కడ కూర్చున్న మనిషి సాయంత్రం ముక్కు చీదితే పచ్చగా వస్తుంది. అందుకని జాగా అంటే మాకు మామూలు సంగతి కాదు. ఒకామె పని మానేసినా, కాలం చేసినా, ఆమె జాగా ఆమె బిడ్డకో కోడలికో పోతుంది. బిడ్డా కోడలూ లేకపోతేనే సేటు తన ఇష్టం వచ్చిన వాళ్లకు ఇస్తాడు. ఇప్పటి సేటు వాళ్ల నాయన పెట్టిన పద్ధతి అది. ఎక్కడా రాసి లేదు. నా తలలో ఉంది.

నేను చదివింది మూడో తరగతి. సంతకం చేస్తాను, బస్సు మీద ఊరి పేరు కూడబలుక్కుని చదువుతాను. కానీ ఒకసారి చూసింది, విన్నది నన్ను వదిలిపోదు. ఏ జాగా ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో, వచ్చిన రోజు ఆమె ఏ రంగు చీర కట్టుకుందో కూడా చెప్పగలను. ప్రతి సీజను మొదటి రోజు సేటు కాంటా ముందు కొబ్బరికాయ కొట్టి, నన్నే పిలిచి అడిగేవాడు, ఎవరి జాగా ఎవరిదని. నేను చెప్పిందే ఖాయం. ఆ గౌరవం అంటే నాకు, ఎందుకు దాచుకోవాలి, బాగా ఇష్టంగా ఉండేది.

నాది రెండో జాగా. మూడో జాగాలో నా జతగత్తె కూర్చునేది. ఇరవై ఆరు సీజన్లు ఆమె మోచేయి నా మోచేతికి తగులుతూ ఉండేది. మొగుడు పెళ్లయిన నాలుగేళ్లకే పోయాడు. ఒక్కటే సంతానం. పుట్టినప్పుడు అందరం కొడుకన్నాం, ఆమె కొడుకుగానే పెంచింది. ఇప్పుడు ఆ పిల్లను నేను బిడ్డ అనే చెబుతాను, అప్పటి సంగతి చెప్పేటప్పుడు కూడా. ఐదారేళ్లప్పుడు బడి లేని రోజుల్లో తల్లి వెనక గోనె మీద కూర్చుని గోళలతో కచ్చకాయలు ఆడుకునేది. మా వేళ్ల వంక చూసి తనూ ఏరేది. తల్లికంటే చురుగ్గా ఏరేది. హమాలీలు "ఆడంగి చేతులురా" అని నవ్వితే నేనూ వాళ్లతో కలిసి నవ్వాను. అదీ యాదికుంది నాకు.

పెద్దయ్యాక రెండు సీజన్లు సంచులు మోసింది. పందొమ్మిదో ఏట ఎవరికీ చెప్పకుండా హైదరాబాద్ వెళ్లిపోయింది. ఏళ్ల తరబడి ఫోనే. తల్లికి కిడ్నీలు చెడిపోయాయని తెలిసి తిరిగొచ్చింది. చీర కట్టుకుని, నడుము దాకా జుట్టుతో వచ్చింది. వీధి వీధంతా అరుగుల మీదికొచ్చి చూసింది. ఆ పిల్ల ఎవరి వంకా చూడకుండా సంచి లోపల పెట్టి, నీళ్లు తోడి, తల్లి తల దువ్వింది. వారానికి రెండుసార్లు నిజామాబాద్ దవాఖానకు తీసుకెళ్లేది. బస్సులో తల్లిని కిటికీ పక్కన కూర్చోబెట్టి తను నిలబడేది, పక్కన కూర్చుంటే వేరేవాళ్లు లేచిపోతారని.

నా జతగత్తె ఆమెను కొడుకా అనీ పిలవలేదు, బిడ్డా అనీ పిలవలేదు. "ఇగో" అనేది. "ఇగో, జర నీళ్లియ్యి. ఇగో, తలుపు పెట్టు." అంతే.

ఒకసారి దవాఖానకు నేనూ తోడుపోయాను. ఆ పిల్ల చీటీ రాయించుకు రావడానికి లైన్లో నిలబడింది. మేమిద్దరం వరండాలో బల్ల మీద కూర్చున్నాం. నా జతగత్తె నా మోకాలి మీద చెయ్యి వేసింది.

"అక్కా, సీజను దాక నేనుండ. నా జాగల నా బిడ్డ కూసుంటది. సేటుకు నువ్వు జెప్పు."

"బిడ్డనా?" అన్నాను నేను. ఆ మాట ఆమె నోట అదే మొదలు.

"బిడ్డనే. మరేంది? గింత చాకిరి కొడుకు జేస్తడా? దాని మొకం మీద అన్నీకె నాకు నోరు రాదు. గిన్నేండ్లు అన్లేదు గద, సిగ్గయితది. నువ్వే చెప్పాలె. సేటుకు చెప్పు, దానిక్కూడ చెప్పు."

"గట్లనే చెప్త చెల్లె. నువ్వు ఫికర్ జెయ్యకు."

నెల తిరక్కుండానే ఆమె పోయింది.

ఇక్కడ నా కోడలి సంగతి చెప్పాలి. నా కొడుకు దుబాయ్‌లో పని చేస్తాడు. కోడలు, ఇద్దరు పిల్లలు నా దగ్గరే. కోడలు షెడ్డులో చేరి అప్పటికి రెండు సీజన్లు. కొత్తగా వచ్చిన మనిషి కాబట్టి పన్నెండో జాగా, డ్రమ్ము పక్కన. రెండో సీజను సగానికే దగ్గు పట్టుకుంది. వానాకాలం అంతా దగ్గింది. డాక్టరు దుమ్ముకు దూరంగా ఉండమన్నాడు. దుమ్ముకు దూరంగా అంటే పని మానుకోవడమే, లేకపోతే తలుపు దగ్గరికి జరగడం.

జతగత్తె పోయాక వచ్చిన సీజను మొదటి రోజు సేటు కొబ్బరికాయ కొట్టాడు. నన్ను పిలిచాడు.

"మూడో జాగ ఎవరిదాయె ఇప్పుడు? పాపం ఆమెకు బిడ్డ, కోడలు ఎవ్వరు లేరు గదా?"

అదే సమయంలో డ్రమ్ము దగ్గర నా కోడలు దగ్గింది. సేటు అడిగిన దానికి జవాబు నా నాలుక చివర ఉంది. జతగత్తె చెయ్యి మోకాలి మీద ఉన్నట్టే ఉంది. అయినా నేనన్నాను, "ఎవ్వరు లేరు సేటు."

"మరి మీ కోడలు గట్ల దగ్గవట్టె. తీస్కపోయి నీ పక్కన కూసోబెట్టుకో."

కూర్చోబెట్టుకున్నాను. కోడలికి నేనేమీ చెప్పలేదు. సేటు దయ తలిచాడనుకుంది ఆమె.

మూడో రోజు పొద్దున ఆ పిల్ల షెడ్డుకు వచ్చింది. తల్లి కర్మలు అయిపోయాయి, హైదరాబాద్ పోకుండా ఇక్కడే ఉంటానని నాతో అంతకు ముందే అంది. తల్లి నేత చీర కట్టుకుని, భుజాన టిఫిను సంచితో తలుపు దగ్గర నిలబడింది.

"నమస్తే సేటు. మా అమ్మ జాగల కూసుంట. ఏరుడు నాకొస్తది, మీకెర్కనే గద."

సేటు లెక్కల పుస్తకం మూసి ఆమెను పై నుంచి కింది దాకా చూశాడు. "నువ్వా? పని గావాల్నంటే గా సంచుల కాడికి పో. ఇంతకు ముందు మోస్తివి గదా, మస్తు బలమున్నది నీకు."

"నేను మొగోళ్ల పనికి రాలె సేటు."

"చీరె గట్టి మోస్తే సంచిక్కూడ సిగ్గయితది తియ్" అన్నాడు ఒక హమాలీ. అందరూ నవ్వారు.

పదో జాగా ముసలామె ఊరుకోలేదు. "ఆడోళ్ల నడుమల ఎట్ల కూసుంటదమ్మా? మేము కాళ్లు సాపుకుంటం, రైకలు సదురుకుంటం."

"అవ్వా, నీ రైకలకు గుండీలు ఊడితే దర్జీ కాడికి పోయి కుట్టిచ్చుకొచ్చింది నేనే గాదు? అప్పుడు లేని సిగ్గు ఇప్పుడెందుకే?"

ఈసారి ఆడవాళ్లు నవ్వారు. ముసలామె కూడా నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆ నవ్వులోనే, చెప్పొద్దూ, ఆ పని అయిపోయేది. ఎవరైనా ఒక్కరు "రా బిడ్డా" అంటే చాలు. ఆ పిల్ల నా వైపు తిరిగింది.

"పెద్దమ్మా, జర నువ్వు చెప్పరాదు. అమ్మ జాగ బిడ్డకే వస్తది గద?"

నేను తల ఎత్తలేదు. నా చేతిలో ఉన్నది కొమ్మో గోళో కూడా చూడకుండా కొమ్ముల్లో గోళ వేశాను, గోళల్లో కొమ్ము వేశాను. నా పక్కన ఆ పిల్ల అడుగుతున్న జాగాలోనే కూర్చున్న నా కోడలు మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది.

ఆ పిల్ల సంచిలోంచి కార్డు తీసింది. కలెక్టరాఫీసు నుంచి వచ్చిన ట్రాన్స్‌జెండర్ కార్డు, అందులో ఆమె పేరు, ఆమె ఫోటో. సేటు చేతిలోకి తీసుకోలేదు.

"కార్డు గవుర్మెంటుకు జూపియ్యి. ఇది నా షెడ్డు. మా ఆడోళ్లు వద్దంటున్నరు, నేనేం జెయ్యాలె?"

మమ్మల్ని ఎవరూ అడగలేదు. ముసలామె అన్న ఒక్క మాటే మా అందరి మాటైపోయింది. మేం కాదనలేదు కూడా.

తర్వాత పదిహేను రోజులకు నిజామాబాద్ నుంచి ఒక వకీలమ్మ స్కూటీ మీద మా ఇంటికి వచ్చింది. చిన్న వయసే. చెప్పులు గుమ్మం బయట విప్పి, పీట వేస్తే పీట మీద కూర్చుంది. ఆ పిల్లలాంటి వాళ్లకు అద్దెకు ఇల్లు ఇవ్వకపోతే, బడిలో చేర్చుకోకపోతే, పనిలోంచి తీసేస్తే నోటీసులు పంపి, కేసులు వేసి కొట్లాడటమే ఆమె పని అట. ఆ పిల్లకు ఫీజు లేకుండా చేస్తోంది. చట్టం ఉంది పెద్దమ్మా, ట్రాన్స్‌జెండర్ అని చెప్పి పని ఇవ్వకుండా పంపించడం తప్పు అని నాకు అర్థమయ్యేట్టు చెప్పింది.

"నోటీసుకు సేటు జవాబిచ్చిండు. షెడ్డుల గసువంటి పద్ధతే లేదు, ఎవరికి జాగ ఇయ్యాల్నో నా ఇష్టం, ఆడోళ్లు గూడ వద్దన్నరు అని రాసిండు. వేరే ఎవరి బిడ్డ అడిగినా జాగ దొరికేది, ఈమె గిట్లున్నది గాబట్టే దొరకలేదు అని మనం చూపియ్యాలె. గా పద్ధతి మొత్తం మీకు నోటికొస్తదంట గదా?"

"ఎవరన్నరు?"

"ఊరంత అంటున్నరు" అని నవ్వింది. "మా పెద్దమ్మకు యాదుంటది అని గా అమ్మాయి గూడ అన్నది. మిమ్మల్నే నమ్ముకున్నది."

నేను చాయ్ పెట్టి ఇచ్చాను. చక్కెర సరిపోయిందా అని అడిగాను. మీ అమ్మానాన్నలది ఏ ఊరు అని అడిగాను. వస్తానని గానీ రానని గానీ చెప్పలేదు. ఆమె తాగిన గ్లాసు తనే కడిగి బోర్లించి వెళ్లింది.

కోర్టు ఆవరణలో ఒక గది ఉంది. కేసు ముదరకముందే రెండు వైపుల వాళ్లనూ కూర్చోబెట్టి మాట్లాడించే గది. ఒక పెద్దసారు మధ్యలో కూర్చున్నాడు. ఒక వైపు సేటు, ఆయన వకీలు. ఇంకో వైపు ఆ పిల్ల, వకీలమ్మ. మా షెడ్డు ఆడవాళ్లం ఐదుగురం వెనక బల్ల మీద. అందరూ చెప్పే మాట ఒకటే, పెద్దామెను అడగండి, ఆమెకు తెలుసు అని. పెద్దసారు నన్ను ముందుకు రమ్మన్నాడు. కుర్చీ చూపించాడు.

"చెప్పమ్మా, షెడ్డులో తల్లి జాగా బిడ్డకు ఇచ్చే పద్ధతి ఉందా?"

సేటు నన్ను బెదిరించలేదు. లేని మాట చెప్పకూడదు. ముందు రోజు సాయంత్రం కాంటా దగ్గర ఒక్క మాట మాత్రం అన్నాడు, "నీ కోడలు దగ్గు తగ్గినట్టున్నదే" అని. అది బెదిరింపో మంచితనమో ఇప్పటికీ నాకు తెలియదు. నిజంగానే దగ్గు తగ్గింది. రాత్రిళ్లు నిద్రపోతోంది.

"నాకు యాదికి లేదు సారు" అన్నాను.

వెనక బల్ల మీద ముసలామె "ఓయమ్మో" అని చిన్నగా అంది. ఇంకెవరైనా ఆ మాట అంటే నమ్మేవాళ్లు. నేను యాదికి లేదంటే, మా ఆర్మూర్‌లో నన్నెరిగిన వాళ్లెవరూ నమ్మరు. సేటు కూడా నా వంక వింతగా చూశాడు. వకీలమ్మ కాగితాల మీద పెట్టిన కలం తీసేసింది. ఆ పిల్ల మాత్రం నన్ను చూడలేదు. కిటికీలోంచి బయటికి చూస్తూ, "పోనియ్యండి మేడం" అంది.

పెద్దసారు ఇంకో తారీఖు ఇచ్చాడు. సీజను సగం గడిచిపోయింది.

ఎండాకాలంలో సిరికొండలో మా తమ్ముని ఇంట్లో పూజ ఉంటే బస్సెక్కడానికి బస్టాండుకు పోయాను. బస్టాండు ముందు దుకాణాల దగ్గర ముగ్గురు చప్పట్లు కొడుతూ అడుక్కుంటున్నారు. మధ్యలో ఆ పిల్ల. ఆమె చప్పట్లు సరిగ్గా రావడం లేదు. ఒక దుకాణమాయన మెట్ల మీద బకెట్టు నీళ్లు కావాలనే గుమ్మరించాడు, నిలబడకుండా. ఆమె పక్కకు గెంతింది, చీర కుచ్చిళ్లు తడిశాయి. అప్పుడే నన్ను చూసింది. కొంగు గబుక్కున తల మీదికి లాక్కుని స్తంభం వెనక్కి జరిగింది. నన్ను చూసి ఆమె సిగ్గుపడింది. తల్లి ఉన్నప్పుడు ఒక్క రోజు కూడా అడుక్కోలేదు ఆమె, హైదరాబాద్‌లో హోటలు గిన్నెలు కడిగిందట గానీ. నేను బస్సెక్కాను. సిరికొండ వచ్చినా దిగడం మరిచిపోతే కండక్టరు లేపి దించాడు.

ఇంటికొచ్చాక అయినా ఉన్న నిజం చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. నా నోరు దానంతటదే చెప్పేదాకా ఆగాను.

మా ఇంట్లో పొద్దు గూకే వేళ కోడలు జొన్నరొట్టెలు చేస్తుంటే నేను పిల్లలకు ఏదో ఒకటి చెబుతూ ఉంటాను. రాజులూ రాక్షసులూ నాకు రావు. షెడ్డు కథలే. మొదటి జాగా ఆమెకు బంగారు పన్ను ఎలా వచ్చిందో, ఆమె అత్త ఆకు నమిలి ఉమ్మితే పసుపు కుప్ప మీద పడి సేటు నాయన ఎలా ఎగిరాడో, ఇవే. ఆ రోజు మనవరాలు "నానమ్మా, అందరి జాగలు వరుసగ చెప్పు" అంది. నాకు అలా చెప్పడం ఇష్టం. మొదటి జాగా చెప్పాను, నవ్వారు. రెండోది నాదీ, మా అత్తదీ చెప్పాను. మూడోది మొదలుపెట్టాను. కథ చెప్పేటప్పుడు నాకు మధ్యలో ఏదీ దాటేయడం రాదు. ఒక్కటి వదిలితే తర్వాతది రాదు. అలా చెబుతూ చెబుతూ దవాఖాన వరండా దాకా వచ్చేశాను. "మోకాలి మీద చెయ్యి పెట్టి, నా జాగల నా బిడ్డ కూసుంటది, సేటుకు నువ్వు జెప్పు అన్నది" అనేశాను.

రొట్టె చప్పుడు ఆగింది.

"అత్తమ్మా, గా మాట ఎప్పుడన్నది?"

"పోయే ముందు నెల."

"మరి కోర్టు కాడ యాదికి లేదంటిరి?"

పెనం మీది రొట్టె మాడి పొగ వస్తోంది. ఆమె తియ్యలేదు.

"సేటు అడిగినప్పుడు ఏమన్నరు మీరు? మొదటి రోజు?"

"ఎవ్వరు లేరన్న."

"నా కోసమా?"

"నువ్వు గట్ల దగ్గుతుంటే ఏం జెయ్యమంటవ్ బిడ్డా?"

"నన్నడగాలె! అడిగితే వద్దందును గదా! గా పిల్ల వచ్చి నిలబడి అడిగిన నాడు నేను గా జాగలనే కూసోని ఉంటి. నా మొకం జూసి ఏమనుకున్నదో! నా దగ్గు పేరు జెప్పి ఇంకొకల్ల జాగ గుంజుకుంటిరా?" పిల్లలు బిక్కమొహం వేశారు. ఆమె రొట్టెను చేత్తోనే తీసి పడేసింది. "రేపటి సంది నేనక్కడ కూసోను. సంపినా కూసోను."

అన్నట్టే మర్నాడు డ్రమ్ము దగ్గరికి వెళ్లి కూర్చుంది. సేటు ఎందుకని అడిగితే "అది నా జాగ కాదు సేటు" అంది. ఆ సీజను మిగిలిన రోజులన్నీ నా పక్కన ఒట్టి గోనె ఒక్కటే పడి ఉంది. అందరూ చూశారు. మూడు రోజుల్లో దగ్గు మళ్లీ మొదలైంది. డ్రమ్ము చప్పుడు మీదుగా కూడా నాకు వినిపించేది.

నాలుగో రోజు పని ఎగ్గొట్టి నిజామాబాద్ బస్సెక్కాను. వకీలమ్మ ఆఫీసు వెతుక్కుంటూ పోయి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. మెచ్చుకోనూ లేదు. "ముందే చెప్పుంటే సీజను పోకపోవు" అంది. తర్వాత కాగితం తీసుకుని, "సేటు వకీలు మిమ్మల్ని ఇడువడు. మాట మార్చినరని మస్తు అడుగుతడు. ఓర్చుకుంటరా?" అంది. ఓర్చుకుంటానన్నాను.

రెండోసారి అదే గది. బయట తొలకరి వాన పడుతోంది. సేటు వకీలు నా ముందుకొచ్చి నిలబడ్డాడు.

"అమ్మా, మొన్న యాదికి లేదన్నవ్. ఇయ్యాల యాదికొచ్చిందా? ఎవరన్న నేర్పిచ్చిన్రా?"

"ఎవ్వరు నేర్పలే సారు. ఎప్పటికీ యాదికే ఉన్నది. మొన్న చెప్పింది అబద్ధం."

"ఎందుకు జెప్పినవ్?"

"గా జాగ నా కోడలికి కావాలనుకున్న."

వెనక నా కోడలు కూర్చుని ఉంది. దగ్గును ఆపుకుంటోంది.

పెద్దసారు జాగాల సంగతి చెప్పమన్నాడు. చెప్పాను. మొదటి జాగా నుంచి పన్నెండో జాగా దాకా, అత్త నుంచి కోడలికి, తల్లి నుంచి బిడ్డకు, ఎవరికి ఎప్పుడు ఎలా వచ్చిందో చెప్పాను. పెద్దసారు పక్కన రాసే అతను రెండుసార్లు ఆగమన్నాడు, చెయ్యి నొప్పెడుతోందని. మూడో జాగా దగ్గరికి వచ్చి దవాఖాన మాట కూడా చెప్పాను, జతగత్తె ఎలా అందో అలాగే. బిడ్డ అన్న మాటా, మొహం మీద అనడానికి నోరు రాదన్న మాటా, నువ్వే చెప్పాలన్న మాటా.

ఆ పిల్ల కుర్చీలోంచి లేచింది. ఎవరి అనుమతీ అడగకుండా తలుపు తీసుకుని వానలోకి వెళ్లిపోయింది. వకీలమ్మ లేవబోయి మళ్లీ కూర్చుంది.

సేటుకు అప్పుడు దారి దొరికింది. "చూసిన్రా సారు? నేను అడిగితే ఎవ్వరు లేరని ఈమెనే చెప్పింది. నా తప్పేమున్నది ఇండ్ల? మోసం జేసింది ఈ ముసల్దాయె."

ఆ మాట నిజమే, నాకు తగిలింది. కానీ వకీలమ్మ ఊరుకోలేదు. "ఈమె తప్పు ఈమెది. మూడో రోజు బిడ్డ వచ్చి మీ ముంగట నిలబడి అడిగింది గదా? అప్పుడెందుకియ్యలేదు? సంచులు మొయ్యమని ఎందుకన్నరు? గా మాట ఈమె చెప్పిచ్చిందా?"

సేటు నేల చూశాడు. ఆయన వకీలు చెవిలో ఏదో చెప్పాడు. చాలాసేపు గుసగుసలయ్యాక ఒప్పుకున్నారు. వచ్చే సీజను నుంచి మూడో జాగా ఆ పిల్లది. ఆడవాళ్ల మరుగుదొడ్డి ఆమె కూడా వాడుకోవచ్చు, నోటికొచ్చిన పేర్లు పెట్టి పిలిచిన హమాలీకి ఆ రోజు పని ఉండదు. జాగాల వరుస కాగితం మీద రాసి కాంటా పక్కన అతికించాలని కూడా వకీలమ్మ పట్టుబట్టింది. ఇక ముందు ఎవరి యాది మీదా ఆధారపడొద్దు సారు అంది. నన్ను చూసి అనలేదు. అయినా నాకు తెలిసింది.

ఈ సీజను మొదలై నలభై రోజులైంది. నా రెండో జాగా కోడలికి ఇచ్చేసి నేను డ్రమ్ము పక్కకు మారాను. ఇందులో గొప్పేమీ లేదు, నా జాగా నా కోడలికే పోవాలి కదా. సేటు ఈసారి కొబ్బరికాయ కొట్టి కాగితం చూసుకున్నాడు, నన్ను పిలవలేదు. కోడలూ ఆ పిల్లా పక్కపక్కన కూర్చుని ఏవో చెప్పుకుని నవ్వుతారు. పదో జాగా ముసలామె తన రైకలు మళ్లీ ఆ పిల్ల చేతికే ఇచ్చి దర్జీ దగ్గరికి పంపుతోంది.

మొదటి వారంలోనే ఒక మధ్యాహ్నం, అన్నాలప్పుడు, కుళాయి దగ్గర ఇద్దరమే ఉంటే నేను అడిగాను. "నా మీద కోపమున్నదా బిడ్డా?"

ఆమె టిఫిను డబ్బా కడుగుతూనే చెప్పింది.

"జాగ సంగతికి కోపం లేదు పెద్దమ్మా. నువ్వు గూడ నీ కోడలి కోసమే చేస్తివి. సీజను పోయింది, పోతే పోయింది. గాని మా అమ్మ నన్ను బిడ్డ అన్నదని నాకు చెప్పమన్నది గదా నీకు? గన్ని నెలలు నువ్వు చెప్పకపోతివి. నేను మా అమ్మకు ఏమీ కానట్టే పోయింది అనుకుంట తిరిగిన. చప్పట్లు కొట్టుకుంట గూడ గదే అనుకున్న. గా మాట గా సార్ల ముంగట, సేటు ముంగట విన్న."

నేను ఏదో అనబోయాను. ఆమె డబ్బా మూత పెట్టి, "పోదాం, కుప్ప పోసిన్రు" అని లోపలికి నడిచింది.

ఆమె నాతో మాట్లాడుతుంది. నీళ్ల బిందె బరువైతే వచ్చి పట్టుకుంటుంది. సాయంత్రం ముక్కు చీదుతుంటే వేడినీళ్లలో తులసాకు వేసి ఆవిరి పట్టు పెద్దమ్మా అంటుంది. కానీ తల్లి గురించి ఒక్క మాట అడగదు. నా దగ్గర ఇరవై ఆరు సీజన్ల తల్లి ఉంది. ఆమె కడుపుతో ఉన్నప్పుడు పచ్చి మామిడికాయకు ఎలా ఏడ్చిందో, ఈ పిల్లను బడిలో మొదటి రోజు దింపొచ్చి ఎన్ని కొమ్ములు గోళల్లో వేసిందో, హైదరాబాద్ నుంచి ఫోన్ వచ్చినప్పుడల్లా షెడ్డు వెనక్కి పోయి ఎలా మాట్లాడేదో, అన్నీ ఉన్నాయి. అడిగితే పొద్దుటి నుంచి సాయంత్రం దాకా చెప్పగలను. రోజూ మధ్యాహ్నం అన్నం డబ్బా పట్టుకుని తలుపు దాకా పోయి ఆమె పక్కన కూర్చుంటాను. ఆమె కూర సగం నా డబ్బాలో వేస్తుంది. ఎండ గురించి, పసుపు రేటు గురించి మాట్లాడుతుంది. అది మాత్రం అడగదు. అడగకుండా చెప్పే హక్కు నాకు లేదని నేనూ నోరు మూసుకుని తింటాను.